నా పుస్తకం తవ్వించిన బోర్లు

నర్సీపట్నం వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో ఎవరైనా మొదట అడిగేది లంబసింగి గురించే. మంచు చూశారా, కొండమీద కాఫీ తాగారా, బొంగు చికెన్ తిన్నారా అంటారు. అవేవీ చూడలేదు, తినలేదు. నేను చూసింది రెండు చెరుకు మడులు, వాటి మధ్య ఒక ముళ్ళకంచె, మూడు బోర్లు. ఆ మూడు బోర్లూ ఏదో ఒక విధంగా నా మూలంగా తవ్వినవే. కాబట్టి ఈ ప్రయాణం గురించి కాస్త వివరంగా చెప్పుకోవలసిన బాధ్యత నా మీద ఉంది.

నేను డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలు అనే పేపరు ఎవరికీ అక్కర్లేదు గనక చాలా ఏళ్ళుగా నాకే అంటగడుతున్నారు. దేశాలు ఎందుకు కొట్టుకుంటాయి, ఎందుకు కలిసుంటాయి అన్నదే అందులో విషయమంతా. అయితే పాఠ్యపుస్తకంలో ఆ దేశాలకు ఆకలి, రోషం, చుట్టాలు ఏమీ ఉండవు. క్యారమ్ బోర్డు మీద బిళ్ళల్లా ఒకదాన్నొకటి కొట్టుకుంటూ ఉంటాయి. అందుకని ఒక్కో సిద్ధాంతానికీ ఒక నవల, కొంత చరిత్ర జోడించి చెప్పడం మొదలుపెట్టాను. ముట్టడిలో చిక్కుకున్న కోట కథ చదివితే భయం ఎలా పనిచేస్తుందో పిల్లలకు తెలుస్తుంది. ఓడల వర్తకుల కథ చదివితే శత్రువుతో కూడా బేరం ఎలా సాగుతుందో తెలుస్తుంది. సరిహద్దు గీత ఇంటి మధ్యలోంచి పోయిన కుటుంబం కథ చదివితే, నిన్నటి పిన్నిని ఇవాళ పరాయి దేశస్థురాలని ఎలా పిలుస్తామో తెలుస్తుంది. భయం, బేరం, పేరు. ఈ మూడు అధ్యాయాలతో ఒక చిన్న పుస్తకం వేశాను. ప్రతులు ఎక్కువ భాగం మా మంచం కింద ఉండేవి. వాటి మీద మా పిల్లి రెండుసార్లు పిల్లల్ని పెట్టింది.

ఆ పరిస్థితిలో ఒక ఫోన్ వచ్చింది.

“నమస్తే అండీ. నా పేరు శాంతకుమారి. నర్సీపట్నంలో రిటైరైన నర్సుని. మీ పుస్తకం మేం పదకొండు మందిమి సదివామండి. మీరొకసారి రావాలి. మీతో చాలా అవసరం పడింది.”

పదకొండు మంది! తెనాలి మొత్తం కలిపినా నాకు అంతమంది పాఠకులు లేరు. ‘అవసరం’ అన్న మాటను నేను అభిమానం అని విన్నాను. సన్మానం చేస్తే శాలువా పెట్టుకోవడానికి బ్యాగులో కొంచెం చోటు కూడా వదిలాను.

తాండవకు అటూ ఇటూ

తునిలో రైలు దిగాను. శాంతకుమారిగారు “బ్రిడ్జి దగ్గర ఉంటానండీ, అక్కణ్నించి కలిసెల్లిపోదాం” అని చెప్పారు. బ్రిడ్జి దగ్గరికి నడిచివెళ్ళి నిలబడ్డాను. ఏప్రిల్ ఎండ. తాండవ ఏటిలో నీళ్ళకంటే ఇసుక ఎక్కువ కనిపిస్తోంది. పక్కన బండి మీద టీ పది రూపాయలు. మా ఊళ్ళోనూ పదే, కాని ఇక్కడి గ్లాసు ఇంకాస్త పెద్దది. రెండు గ్లాసులు తాగినా ఆవిడ జాడ లేదు. ఫోన్ చేశాను.

“నేను బ్రిడ్జి దగ్గరే ఉన్నానండీ.”

“నేనూ బ్రిడ్జి దగ్గరే ఉన్నాను.”

“పచ్చ రంగు కొట్టు ఉందా అండీ?”

“లేదు. టీ బండి ఉంది.”

“ఇక్కడ టీ బండి లేదండి.”

ఇలా కొంతసేపు వాదించుకున్నాక టీ ఆయన జాలిపడ్డాడు. “అమ్మా, బ్రిడ్జికి రెండు కొసలుంటాయి కదా. మీరున్నది తుని. ఆవిడున్నది పాయకరావుపేట. ఆ కొస వేరే జిల్లా” అన్నాడు. ఆటో అతను ఆ మాట అందుకుని, “ఇరవై రూపాయలియ్యండి, జిల్లా మార్చీస్తాను” అన్నాడు.

సరిహద్దుల గురించి ఏటా ఇరవై క్లాసులు చెప్పే మనిషిని, సరిహద్దుకు ఏ పక్క నిలబడ్డానో తెలియక ఎండలో మాడిపోయాను. బ్రిడ్జి మీద పాల క్యాన్ల వాళ్ళు, పూల బుట్టల వాళ్ళు, ట్యూషన్‌కు పోయే ఆడపిల్లలు జిల్లాలు దాటుతున్నామన్న స్పృహే లేకుండా అటూ ఇటూ పోతున్నారు.

శాంతకుమారిగారు పొడుగ్గా ఉంటారు. ఉద్యోగం మానినా గడియారాన్ని నర్సుల్లాగే జాకెట్టుకు పిన్నుతో తగిలించుకుంటారు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నారు. ఆప్యాయత అనుకున్నాను. నాడి చూస్తున్నారు.

“ఎండదెబ్బేం లేదు. బేగి ఎక్కండి, బస్సొచ్చింది” అన్నారు.

నర్సీపట్నంలో నా పాఠకులు

కిటికీలోంచి జీడిమామిడి తోటలు, వాటి వెనక కొండలు. పళ్ళ కాలం. దారి పొడవునా ఆ తీపి, పులుపు కలిసిన ఘాటు వాసన బస్సులోకి కొడుతూనే ఉంది. మా వైపు జీడిపప్పు అంటే డబ్బాలో పుట్టే పదార్థమని నా అభిప్రాయం. పండు కింద గింజ వేలాడుతుండడం చూసి ఆశ్చర్యపోతే పక్క సీటు ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, “ఏ దేశం మీది?” అని అడిగింది. అంతర్జాతీయ సంబంధాల విషయంలో ఈ ప్రయాణంలో నన్ను సూటిగా అడిగిన మొదటి ప్రశ్న అదే.

నర్సీపట్నం బజారులో ఆ రోజు రద్దీగా ఉంది. కొండమీంచి దిగినవాళ్ళు చీపుర్లు, పసుపు, చింతపండు పరిచారు. ఆఫీసుల చుట్టూ కాగితాలు పట్టుకున్న జనం. నేను ఓ కిలో చింతపండు చాలా గడుసుగా బేరమాడి కొన్నాను. శాంతకుమారిగారు ధర విని ఏమీ అనలేదు గానీ, మిగతా ప్రయాణంలో నన్ను బజారుకు ఒంటరిగా పంపలేదు.

వాళ్ళ ఇల్లు చర్చికి రెండిళ్ళ అవతల. తాతల నాటి నుంచీ ఆ చర్చివాళ్ళే. మధ్యాహ్నం చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ ఇచ్చారు. చోళ్ళను మేము రాగులు అంటాము, షుగరు వచ్చాక తింటాము. ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా తాగుతున్నారు. చల్లగా, కొంచెం పుల్లగా ఉండి ఎండంతా దిగిపోయింది. తాగాక ఆవిడ బీపీ మిషన్ తెచ్చి నా చేతికి కట్టారు.

“ఇదెందుకండీ?”

“మీటింగు ముందు ఒకసారి సూసుంచుదామని. తరవాత పోల్చుకోవాలి కదా” అన్నారు.

నాకు అప్పుడైనా అనుమానం రావాల్సింది.

చర్చి పక్క గదిలో సాయంత్రం పదకొండు మందీ కూర్చున్నారు. పదకొండు ప్రతులకూ అట్టలు వేసి ఉన్నాయి. నా కళ్ళు చెమర్చాయి. కాని కుర్చీల అమరిక చిత్రంగా ఉంది. ఒక చివర తెల్లచొక్కా పెద్దాయన, ఇంకో చివర గళ్ళచొక్కా ఆయన. మిగతా అందరూ గోడవారగా సర్దుకున్నారు. నా కుర్చీ ఆ ఇద్దరికీ సరిగ్గా మధ్యలో వేశారు. దండ లేదు, శాలువా లేదు. గ్లాసుడు మజ్జిగ ఇచ్చారు.

తెల్లచొక్కా ఆయన లేచారు. పేరు అప్పలనాయుడుగారు, హైస్కూల్లో సోషల్ టీచరుగా రిటైరై రావికమతం దగ్గర వ్యవసాయం చేస్తున్నారు. పుస్తకం తెరిచి, ఎర్ర గీత గీసుకున్న చోట నా వాక్యమే నాకు చదివి వినిపించారు.

“‘పొరుగువాడి మనసులో ఏముందో మనకు ఎన్నటికీ తెలియదు. అతని చేతిలో ఏముందో మాత్రం తెలుస్తుంది. జాగ్రత్తపడవలసింది దాన్ని బట్టే.’ ఇది మీరు రాసిందే కదండీ?”

“అవునండీ. వాస్తవికతావాదుల వాదన అది. రాజ్యాల పైన పెద్దదిక్కు లేదు కాబట్టి...”

“ఇది సదివాకే అండీ, నేను బోరు తవ్వించాను.”

గళ్ళచొక్కా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

విషయం శాంతకుమారిగారు వివరించారు. గళ్ళచొక్కా ఆయన సన్యాసిరావుగారు, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇద్దరూ తోడల్లుళ్ళు. మామగారు చనిపోతూ కూతుళ్ళిద్దరికీ పొలం చెరిసగం రాశారు. మధ్యలో ఒకటే బావి, ఒకటే మోటారు. ఒకరోజు వీళ్ళు, ఒకరోజు వాళ్ళు తడుపుకునేవారు. ఏ గొడవా లేదు. కిందటి వేసవిలో ఈ చదువరుల గుంపు నా పుస్తకం ఎత్తుకుంది. భయం అధ్యాయం చదివిన వారంలో అప్పలనాయుడుగారికి ఒక ఆలోచన వచ్చింది. సన్యాసిరావు మంచివాడే. కాని రేపు మారితే? బావిలో నీళ్ళు తగ్గితే? ముందుజాగ్రత్తగా తన మడిలో బోరు వేయించారు. అది చూసి సన్యాసిరావుగారు ఇంకా లోతుగా వేయించారు. దాంతో అప్పలనాయుడుగారి బోరు నీరసించింది. బావి ఎండిపోయింది. కంచె వచ్చింది. మాటలు ఆగిపోయాయి.

“నేను సగమే సదివానండి” అన్నారు సన్యాసిరావుగారు మొదటిసారి నోరు విప్పి. “ఈయన బోరు తవ్వినాడని తెలిసాక మిగతా సగం సదవలేదు.”

“అయ్యో, రెండో అధ్యాయంలో సహకారం గురించి...”

“ఎందుకండీ? ఆయన ఒకటో అధ్యాయంలో ఉండి నేనెల్లి రెండో అధ్యాయంలో కూర్చుంటే మునిగిపోనేటి?”

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు, ఉత్సాహం. ఇన్నేళ్ళలో ఇంత చక్కటి ఉదాహరణ నాకు దొరకలేదు. లేచి నిలబడి, “దీనికి మా శాస్త్రంలో ఒక పేరుంది. భద్రతా సందిగ్ధం అంటారు. నేను నా రక్షణ కోసం చేసేది నీకు దాడిలా కనిపిస్తుంది. నువ్వు చేసేది నాకు అలాగే కనిపిస్తుంది. పెద్ద పెద్ద యుద్ధాలు ఎవరికీ ఇష్టం లేకుండానే ఇలా మొదలయ్యాయి” అని చేతులు తిప్పుతూ చెప్పాను.

“పేరుందన్నమాట” అన్నారు శాంతకుమారిగారు. “మందేటండీ?”

నా పుస్తకం చివరి పేజీ గుర్తుచేసుకున్నాను. ‘ఈ దిశగా మరింత అధ్యయనం అవసరం’ అని రాసి ఉంది. మజ్జిగ తాగాను.

రావికమతంలో రెండు భోజనాలు

ఆదివారం ఆరాధన అయ్యాక శాంతకుమారిగారు నన్ను రావికమతం తీసుకెళ్ళారు. దారిలో ఒకటే మాట చెప్పారు: “మీరు ఇనండి. మాట్లాడకండి. మేం వార్డులో కొత్త నర్సులకి మొదట సెప్పేది ఇదే.”

వినడమంటే నా ఉద్యోగానికి పూర్తిగా వ్యతిరేకమైన పని. అయినా సరే అన్నాను. ముందురోజు రాత్రంతా నేను ఈ ఉత్తరాది జిల్లాల చరిత్రే తలచుకుంటూ పడుకున్నాను. పొరుగు సంస్థానంతో పంతానికి పోయి ఒకరు తెల్లదొరల కంపెనీని సాయం పిలిస్తే, చివరికి రెండు కోటలూ కంపెనీ చేతికే పోయాయి. బయటివాళ్ళని తగువులోకి పిలిస్తే ఏమవుతుందో క్లాసులో నేను ఎప్పుడూ చెప్పే సంగతి అది. ఈసారి ఆ కంపెనీని నేనే అన్నది తట్టేసరికి ఆటో పొలం గట్టు దగ్గర ఆగింది.

అక్కాచెల్లెళ్ళ ఇళ్ళు పక్కపక్కనే. ఒకే గోడ. ఎవరింట్లో తిన్నా రెండోవాళ్ళు నొచ్చుకుంటారు గనక రెండిళ్ళలోనూ భోజనం చేయాలని ముందే ఒప్పందం. అక్క వరహాలమ్మగారు, అంటే అప్పలనాయుడుగారి భార్య, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బెల్లం వేసిన పులుసు వడ్డించారు. కూరలో, పులుసులో తీపి తగిలితే మా తెనాలిలో వంటమనిషికి ఒంట్లో బాగాలేదనుకుంటాము. మొదటి ముద్దకు నా మొహం మారి ఉంటుంది. మూడో ముద్దకు ఇంకొంచెం పులుసు అడిగాను.

చేయి కడుక్కున్నాక అప్పలనాయుడుగారు నన్ను వాకిట్లోకి పిలిచి గొంతు తగ్గించారు. “మీకు మాత్రమే సెప్తున్నాను. నా బోరులో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. ఇంకో బోరుకి నాకు ఓపిక లేదు. వెయ్యను. కానీ ఆ సంగతి అతనికి తెలీకూడదు. నా పని అయిపోనాదని తెలిస్తే లోకువైపోతాను.”

నేను గట్టిగా తలూపాను. రహస్యం కాపాడతానన్న మాట.

గోడ అవతల చెల్లెలు సత్యవతిగారు కోడికూర, పచ్చి జీడిపప్పు కూర వండారు. నవనవలాడే ఆ జీడిపప్పు కోసం ఎవరితోనైనా ఎలాంటి సంధి అయినా చేసుకోవచ్చు. పులుసు కూడా పోశారు. అదే పులుసు, అదే తీపి, అదే మెంతి వాసన. పళ్ళెం పక్కన చిన్న గిన్నెలో పనసపొట్టు కూర కనిపించింది.

“ఇది...”

“మా అక్క పంపింది” అన్నారు సత్యవతిగారు మామూలుగా. “గోడ మీంచి అందుకుంటాం. మొగోళ్ళు తెలీనట్టుంటారు. తెలుసు. మా ఆయన రెండు ముద్దలెక్కువే తింటాడు.”

రెండో అధ్యాయానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? కంచె కట్టిన రాజ్యాల మధ్య కూడా గిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ ఉత్సాహంలో, రెండు భోజనాల బరువులో, నాకు శాంతకుమారిగారి మాట మరుపుకొచ్చింది. సన్యాసిరావుగారు అరుగు మీద చుట్ట కాలుస్తూ, “ఆయనేటి సెప్పినాడండీ?” అని అడిగారు. ఆయన భయం పోగొడదామనుకున్నాను. రహస్యం చెప్పకుండానే ధైర్యం చెప్పాలి. ఎంత తెలివిగా అన్నానంటే:

“మీరేం కంగారు పడకండి. ఇంకో బోరు గురించి ఆయన ఇప్పుడైతే ఏమీ ఆలోచించడం లేదు.”

సన్యాసిరావుగారు చుట్ట నోట్లోంచి తీశారు.

“‘ఇప్పుడైతే’ అన్నారేటి?”

“అంటే... అలా కాదు...”

“ఇప్పుడు లేదు. అంటే రేపుంటాది.”

“కాదండీ, ఆయనకసలు...” అని ఆపేశాను. అసలు సంగతి చెబితే అప్పలనాయుడుగారికి ఇచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే ఇది. నోరు తెరిచి మూసిన నా మొహం చూసి ఆయన ఏమి అర్థం చేసుకోవాలో అది చేసుకున్నారు. శాంతకుమారిగారు గుమ్మంలో నిలబడి గడియారం వంక చూసుకుంటున్నారు, ప్రాణం పోయిన సమయం రాసుకోవడానికన్నట్టు.

బోరు బండి

మర్నాడు పొద్దున్న నేను ఇడ్లీ తింటుండగా శాంతకుమారిగారికి ఫోన్ వచ్చింది. ఆవిడ విని పెట్టేశారు.

“సన్యాసిరావు బోరు బండికి కబురెట్టీసినాడు” అన్నారు. “మీ రైలెప్పుడు?”

“సాయంత్రం.”

“ఎల్లిపోతారా?”

నిజం చెప్పాలంటే వెళ్ళిపోవాలనే ఉంది. బ్యాగు సర్దేసి కూడా ఉంచాను. అయినా టికెట్టు రద్దు చేసుకున్నాను. ఇందులో గొప్పేమీ లేదు. ఆవిడ బీపీ మిషన్ తీసుకొస్తున్నారు, ఆ కళ్ళకు ఎదురు నిలబడి ‘వెళ్తాను’ అనే ధైర్యం లేకపోయింది.

బండి వచ్చిన రోజు మేమూ వెళ్ళాం. నీళ్ళు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని మడి అంతా తిరిగాడు. ఒకచోట కాయ నిటారుగా లేచింది. ఎలా లేచిందో నాకు తెలియదు, నేను దగ్గర్నించే చూశాను. అక్కడ ముగ్గు వేశారు. పాత బోరుకు అది మరీ దగ్గర కదా అని ఎవరో అన్నారు. సన్యాసిరావుగారు వినలేదు. లారీ గర్జించడం మొదలుపెట్టింది. కంచె అవతల అప్పలనాయుడుగారు గొడుగు వేసుకుని నిలబడ్డారు. నన్ను చూశారు. గొడుగు మొహం మీదికి దించుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

తెల్లటి పొడి లేచింది. చెరుకు మొక్కల మీద, మా తలల మీద, సత్యవతిగారు మా కోసం తెచ్చిన టీలో కూడా పడింది. పొడి తర్వాత చెమ్మ రావాలి, చెమ్మ తర్వాత నీళ్ళు రావాలి. రాడ్డు మీద రాడ్డు దింపారు. పొడి వస్తూనే ఉంది. మధ్యాహ్నానికి బండి ఆయన ఇంజను ఆపి, “రాయేనండీ. ఇంక లాభం లేదు” అన్నాడు.

సన్యాసిరావుగారు వెళ్ళి తన పాత బోరు మోటారు స్టార్టరు నొక్కారు. పైపు గుర్రుమంది. కొంచెం బురద కక్కింది. గాలి వచ్చింది. ఆగిపోయింది. మళ్ళీ నొక్కారు. గాలే. కొత్త బోరు అదురుకు లోపల ఏదో పూడిపోయిందట.

చెరుకు అప్పటికి మోకాలెత్తు కూడా లేదు. ఆకుల కొసలు అప్పుడే తెల్లబడుతున్నాయి. సత్యవతిగారు గట్టు మీద కూర్చుండిపోయారు. మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదని అప్పుడు గమనించాను. ఆదివారం వడ్డించేటప్పుడు గొలుసు ఉండేది. నేను వాడిన ‘ఇప్పుడైతే’ అన్న ఒక్క మాట ఖరీదు అది. నా క్లాసులో ఇలాంటి చోట చాక్‌పీసు కింద పెట్టి ‘ఇదే విషాదం’ అంటాను. అక్కడ పొడి పడ్డ టీ గ్లాసు కింద పెట్టాను.

పైపు

ఇక్కడి నుంచి జరిగినదాన్ని నా పుస్తకంలో ఏ అధ్యాయం కింద పెట్టాలో తిరిగొచ్చాక కూడా నాకు తెలియలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

అప్పలనాయుడుగారు గొడుగు ముడిచి కంచె దగ్గరకు వచ్చారు.

“మేడంగారూ, ఇప్పుడు ఒకటో అధ్యాయం ఏటి సెయ్యమంటాదండీ?”

వెటకారం కాదు. నిజంగానే అడిగారు, పాఠం సగంలో ఆగిన పిల్లవాడిలా. నేనూ నిజమే చెప్పాను.

“సంతోషించమంటుంది. ఇప్పుడు బలం మీది.”

ఆయన ఆ చెరుకు వంక చూశారు. “మొక్క కళ్ళముందు ఎండిపోతుంటే సంతోషమెలగొస్తాదండీ?” అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. కొద్దిసేపటికి భుజం మీద పైపు చుట్ట వేసుకుని వచ్చారు. తన బోరుకు తగిలించి, విప్పుకుంటూ వచ్చి కొసను కంచె కిందనుంచి తోశారు. మోటారు వేశారు. నీళ్ళు సన్నగా వచ్చాయి. ఆయనకున్నవే అంత.

సన్యాసిరావుగారు వచ్చి ఆ కొసను ఎత్తి కంచె అవతలకి విసిరేశారు.

“ఆయన దానం నాకక్కర్లేదని సెప్పండి” అన్నారు నాతో.

“దానం కాదని సెప్పండి” అన్నారు అప్పలనాయుడుగారు, అదీ నాతోనే.

మూడు బారల దూరంలో ఉన్న ఇద్దరి మాటలు నేను అటూ ఇటూ మోశాను. పైపు ఇవతలకి వచ్చింది, అవతలకి పోయింది, మళ్ళీ వచ్చింది. నీళ్ళన్నీ కంచె మొదట్లోనే ఇంకిపోతున్నాయి. చివరికి వరహాలమ్మగారు కొంగు బిగించి వచ్చారు. “ఏటి ఆటలు! ఇది మా నాన్న భూమి. అటూ ఇటూ కూడా” అని అరిచారు. సత్యవతిగారు గట్టు మీంచి లేచారు. అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు.

“మేడంగారూ, మీరు పట్టుకోండి” అన్నారు సత్యవతిగారు.

“నేనా? ఏమిటి?”

“పైపు. మీరు బయటోరు కదా. మీ సేతిలోంచి వస్తే ఆయనిచ్చినట్టూ కాదు, ఈయన పుచ్చుకున్నట్టూ కాదు.”

పైపు సాళ్ళ దాకా చాలలేదు. ఇంకో ముక్క కలిపితే, సైకిల్ ట్యూబు చుట్టిన అతుకు సరిగ్గా కంచె కిందికి వచ్చింది. అక్కడ ఎవరో ఒకరు కూర్చుని రెండు చేతులతో అదిమి పట్టుకోవాలి. చెప్పులు విప్పి బురదలో గొంతుక్కూర్చున్నాను. ఒక మోకాలు అప్పలనాయుడుగారి దేశంలో, ఇంకో మోకాలు సన్యాసిరావుగారి దేశంలో. అతుకులోంచి చిమ్మిన నీళ్ళు నా మొహం మీద కొడుతున్నాయి. ప్రపంచ శాంతి కోసం కట్టిన పెద్ద పెద్ద సంస్థల గురించి నేను రాసిన పేజీలన్నీ కలిపినా ఆ పూట నేను చేసిన పని చేయలేదు. అయితే ఇందులో నా తెలివి ఏమీ లేదు. అక్కడ ఎవరి చుట్టమూ కానిదాన్ని నేనొక్కదాన్నే.

“సిస్టరుగారూ, మీరూ బయటివారేగా?” అన్నాను శాంతకుమారిగారితో, ఆశగా.

“నేను ఇద్దరింట్లోనూ పురుళ్ళు పోశానండి. నేను లెక్కలోకి రాను” అని ఆవిడ జీడిచెట్టు నీడలో కూర్చున్నారు.

సన్యాసిరావుగారు కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తర్వాత పార అందుకుని సాళ్ళకు నీళ్ళు మళ్ళించడం మొదలుపెట్టారు. అతుకు దగ్గరున్న నా వంక చూడకుండా, కంచె వంక అసలే చూడకుండా. ఒక్కో సాలూ నల్లబడుతూ పోయింది. తడిసిన మట్టి వాసన వచ్చింది. అప్పలనాయుడుగారు మోటారు దగ్గర నిలబడి పైపు వంకే చూస్తున్నారు. నీటి ధార ఇంకా సన్నబడింది. అది ఆయన మడికి రేపటి నీరు. అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలుస్తూనే ఉంది, మొదట తెలిసినట్టున్నది సన్యాసిరావుగారికి. పార ఆపి ధారను చూశారు. కంచె అవతల ఉన్న చెరుకును చూశారు. దాని కొసలు కూడా తెల్లబడుతున్నాయి.

“అన్నయ్యా!” అని కేక వేశారు. ఏడాది తర్వాత పిలుపు. “ఇంక సాలు. మోటారాపీ!”

అప్పలనాయుడుగారు స్టార్టరుకు ఇంకాస్త దగ్గరగా జరిగారు.

“ఆపను. సివరి సాలు తడవనేదు.”

“నీ సెరుకు ఎండిపోతాది. ఆపమంటన్నానా!”

“నా సెరుకు సంగతి నీకెందుకు? నువ్వు నీళ్ళు మళ్ళించు!”

“మూర్ఖం నీది! ఎప్పుడూ ఇంతే!”

“ఎవరిది మూర్ఖం? కొబ్బరికాయ సూసి తవ్వించినోడివి నువ్వా నేనా?”

సన్యాసిరావుగారు పార పారేసి మోటారు ఆపడానికి తీగ ఎత్తి కంచె దూరారు. అప్పలనాయుడుగారు స్టార్టరుకు అడ్డంగా నిలబడ్డారు. ఇద్దరూ మొహాలు దగ్గర పెట్టుకుని నీ చెరుకే ముందంటే నీ చెరుకే ముందని గొంతులు పోయేలా తిట్టుకుంటున్నారు. అక్కాచెల్లెళ్ళు జీడిచెట్టు నీడలోకి వెళ్ళి శాంతకుమారిగారి పక్కన కూర్చున్నారు. నన్ను పైపు వదలమని మాత్రం ఎవరూ చెప్పలేదు.